జనవరిలో అమలైన చట్టములు – పల్లెకు చేరిన తేదీలు

చట్టమునకు రెండు తేదీలు ఉండును. మొదటిది రాజపత్రములో అచ్చైన తేదీ. రెండవది ఆ చట్టము మాట ఊరి చావడికి చేరి, దాని వలన మేలు గాని కీడు గాని పొందవలసిన కాస్తుకారు చెవిన పడిన తేదీ. ఈ రెండింటి నడుమ ఎన్ని దినములు, ఎన్ని సంవత్సరములు గడిచినవో లెక్క చూచినచో, మన ప్రాంతమున భూమి ఎవరి చేతిలో నిలిచినదో, ఎవరి చేయి జారినదో చాలవరకు బోధపడును.

కట్టంగూరు చుట్టుపట్ల గ్రామములలో జనవరి తీరిక మాసము కాదు. చెలకలలో కంది కోత, ప్రత్తి చివరి తీత, బావుల క్రింద, చెరువుల క్రింద యాసంగి నారు, నాట్లు ఈ నెలలోనే. ఆముదము మన జిల్లాకు పెద్ద పంటగా నడిచిన రోజులలో గెలలు కోసి కల్లములో ఎండబెట్టుటయు ఈ దినములలోనే జరిగెడిది. నడుమ సంక్రాంతి పండుగ. మన రైతుకు సంవత్సరాది ఉగాది. రెవెన్యూ లెక్కకు సంవత్సరాది ఫసలీ మారు జూలై 1. జనవరి 1 ఈ రెంటిలో ఏదియు కాదు. అయినను మన భూముల రాత మార్చిన పెద్ద చట్టములు మూడు నాలుగు జనవరిలోనే అమలులోనికి వచ్చినవి. క్రొత్త చట్టము వచ్చినదని వినగానే "మనకు ఏమి ఒరుగును" అని పెదవి విరుచు అలవాటు మన గ్రామములలో ఉన్నది. ఆ అలవాటు వచ్చుటకు కారణము లేకపోలేదు. దానిని చెప్పుటకే ఈ వ్యాసము.

ముందుగా 1973 జనవరి 1 సంగతి చూతము. దానికి మూలము హైదరాబాదు కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టము. అది 1950 జూన్ 10న అమలులోనికి వచ్చినది. నల్లగొండ జిల్లాలో 1946 నుండి సాగిన రైతుల సాయుధ పోరాటము అప్పటికి ఇంకను చల్లారలేదు. ఆ మరుసటి సంవత్సరము, 1951 ఏప్రిల్ 18న, అప్పటి మన జిల్లాలోని పోచంపల్లిలోనే వినోబా భావే గారికి మొదటి భూదానము లభించినది. భూమి ప్రశ్న ఈ జిల్లాలో ఎంత వేడిగా ఉన్న కాలములో ఆ చట్టము పుట్టినదో దీనినిబట్టి గ్రహింపవచ్చును.

ఆ చట్టము కౌలుదారులలో ఒక తరగతిని విడదీసి "రక్షిత కౌలుదారులు" అని పేరు పెట్టినది. ఉదాహరణకు 1948 జనవరి 1కి వెనుక ఎడతెగక ఆరు సంవత్సరములు ఒక భూమిని కౌలుకు సాగు చేసినవాడు ఆ తరగతిలో చేరును. (ఇక్కడను జనవరి 1 వచ్చినది చూడుడు.) తహసీలు కచ్చేరీలో వారి పేర్లతో రిజిస్టరు తయారైనది. వారి హక్కు వారసులకు కూడ చెందునని చట్టము చెప్పినది. కౌలుదారు భూమిని వదలుకొనదలచినచో వ్రాతమూలకముగా, తహసీలుదారు ఎదుట ఒప్పుకొనవలెను. ఊరిలో నలుగురిలో నోటిమాటగా "విడిచితిని" అన్నంత మాత్రమున చెల్లదు.

చట్టము ఇంత జాగ్రత్తగా వ్రాయబడినను జరిగినది వేరు. ఆచార్య ఏ.ఎం. ఖుస్రో హైదరాబాదు రాష్ట్రపు వెనుకటి జాగీరు గ్రామములలో పరిశీలన జరిపి 1958లో పుస్తకము ప్రచురించినారు. రిజిస్టరు తయారైన నాలుగైదు ఏండ్లలోనే రక్షిత కౌలుదారులలో సగమునకు తక్కువ మంది మాత్రమే ఆ హోదాలో మిగిలియున్నట్లు ఆయన కనుగొన్నారు. కొందరు భూమి కొనుక్కొన్నారు, అది సంతోషమే. కాని చట్టవిరుద్ధముగా వెళ్ళగొట్టబడినవారు, "స్వచ్ఛందముగా" వదలుకొన్నవారు కలిసి నూటికి 40 మంది వరకు ఉన్నారు. స్వచ్ఛందమను మాటకు పల్లెలో అర్థమేమో పాఠకులకు చెప్పనక్కరలేదు.

ఆ చట్టమునకు తరువాత చేర్చిన 38-ఇ సెక్షను ఇంకొక అడుగు ముందుకు వేసినది. ప్రభుత్వము ఒక తేదీ ప్రకటించినచో, ఆ తేదీ నుండి రక్షిత కౌలుదారు సాగులో గల భూమి, చట్టము పెట్టిన పరిమితికి లోబడి, అతనికే సొంతమగును. కట్టవలసిన ధర వాయిదాలలో కట్టవచ్చును. తెలంగాణములో అత్యధిక భాగమునకు, మన జిల్లాతో సహా, ప్రకటించిన ఆ తేదీయే 1973 జనవరి 1. కౌలుదారు దరఖాస్తు పెట్టుకొనుట దీనికి షరతు కాదు. విచారించి సర్టిఫికెట్టు ఇచ్చుట అధికారుల పని. ఆ హక్కు ప్రకటించిన తేదీనాడే సంక్రమించునని, సర్టిఫికెట్టు దానికి సాక్ష్యము మాత్రమేనని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు పూర్తి ధర్మాసనము 1980వ దశకములో తీర్పు చెప్పినది కూడ.

అనగా ఆనాడు ఉదయము కౌలుదారుగా అరక కట్టినవాడు సాయంత్రము పట్టాదారుగా అరక విప్పినాడు. ఆ సంగతి అతనికి చెప్పినవారు లేరు. సర్టిఫికెట్ల విచారణ ఏండ్ల తరబడి సాగినది. ఈలోగా తన భూమికే తాను కౌలు కొలిచినవారు ఉన్నారు. యజమాని కొడుకు వచ్చి అడుగగా మొగమాటమునకు వ్రేలిముద్ర వేసినవారు ఉన్నారు. పహాణీలో పట్టాదారు కాలములో పాత పేరే ఏటేటా ఎక్కినది. దానిని చూచి కొన్నవారు, వారి వద్ద మరల కొన్నవారు వచ్చినారు. వారిలోను మోసము ఎరుగనివారే ఎక్కువ. 38-ఇ సర్టిఫికెట్ల తగవులు యాబది ఏండ్లు దాటినను కోర్టులలో ఇంకను నడచుచున్నవి. మనుమలు వాదించుకొనుచున్నారు, తాతలు వ్రాయించుకొనని కాగితము కొరకు. దేవుడు వరమిచ్చినను పూజారి వరమియ్యడని పెద్దలు ఊరకే అనలేదు.

ఇప్పుడు రెండవ చట్టము చూడుడు. భూసంస్కరణల చట్టము, అనగా వ్యవసాయ కమతముల గరిష్ఠ పరిమితి చట్టము, 1973వ సంవత్సరపు 1వ చట్టము. దాని తేదీయు 1973 జనవరి 1. ఒకే దినమున ఒక చట్టము భూమి ఇచ్చినది, మరియొకటి భూమి తీసికొనునని చెప్పినది. కాని తీసికొను చట్టము ఆనాడే అమలు కాలేదు. అంతకు ముందున్న 1961 చట్టము 27 ఎకరముల నుండి 324 ఎకరముల వరకు పరిమితి పెట్టి పేరుకే మిగిలినది. ఈ క్రొత్త చట్టము ఐదుగురు గల కుటుంబమునకు నేల తరగతినిబట్టి తరి 10 మొదలు 27 ఎకరములు, ఖుష్కి 35 మొదలు 54 ఎకరములు మాత్రమే ఉంచినది. పి.వి. నరసింహారావు గారి మంత్రివర్గము పట్టుబట్టి తెచ్చిన చట్టమిది. అదే జనవరిలో జై ఆంధ్ర ఉద్యమపు వేడిలో ఆ మంత్రివర్గము దిగిపోయినది, రాష్ట్రపతి పాలన వచ్చినది. చట్టము తుదకు 1975 జనవరి 1న అమలులోనికి వచ్చినది. ఆ నాటి నుండి 30 దినములలో, ప్రభుత్వము పొడిగించినంత మేరకు, పరిమితికి మించి భూమి గలవారు డిక్లరేషన్లు ఇయ్యవలెనని నిర్ణయించిరి.

పెద్ద కమతముల వారికి ఈ సంగతి ఎప్పుడు తెలిసినది? చట్టమే చెప్పుచున్నది. 1971 జనవరి 24 తరువాత జరిగిన బదిలీలు చట్టమును తప్పించుకొనుటకు చేసినవి కావని రుజువు చేయు భారము బదిలీ చేసినవాని మీదనే పెట్టినది. 1972 మే 2 నుండి బదిలీలను నిషేధించుచు ప్రత్యేక చట్టమే చేయవలసి వచ్చినది. ఇట్టి కట్టుబాట్లు ఎందుకు వ్రాయవలసి వచ్చినది? పరిమితి వచ్చుచున్నదని తెలిసి పేర్లు మార్చుట ముందే మొదలైనది గనుకనే గదా. చట్టము అమలైన 1975 జనవరికి అది నాలుగేండ్ల పాత వార్త. అల్లుండ్ల పేర, బావమరదుల పేర, జీతగాండ్ల పేర కూడ భూములు అప్పటికే ఎక్కియున్నవి. జీతగానికి తన పేర భూమి ఉన్నదని తెలియకపోవుటయు కద్దు.

ఈ రెండు జనవరులను ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో నేను చెప్పదలచినది స్పష్టమగును. భూమి తీసికొను చట్టము నాలుగేండ్లు ముందుగా తెలిసినది. భూమి ఇచ్చు చట్టము నాలుగేండ్లు గడిచినను తెలియలేదు. చట్టముల వ్రాతలో లోపమున్నదని కొందరు పండితులు అందురు. వ్రాతలో లోపములు ఉండవచ్చును. అంతకంటె పెద్ద లోపము చేరవేతలో ఉన్నది. ఒకరికి హైదరాబాదులో బంధువులు, వకీళ్ళు, పత్రికలు. మరొకరికి పట్వారీ చెప్పినదే గెజెటు.

మూడవది 1977 జనవరి 21న వచ్చినది. ప్రభుత్వము పేదలకు ఇచ్చిన అసైన్డు భూములను అమ్ముట, కొనుట ఆనాటి నుండి నిషిద్ధము. మంచి చట్టమే; లేనియెడల ఇచ్చిన భూమి పెండ్లి ఖర్చుకో, బావి అప్పుకో మరుసటి ఏటనే చేయి మారెడిది. దానిలో ఒక మినహాయింపు ఉన్నది. ఆ తేదీకి ముందు భూమి లేని పేదవాడు మంచి నమ్మకముతో వెల ఇచ్చి కొనియున్నచో అతనికి ఆ నిషేధము తగులదు. ఒకే ఊరిలో ఇద్దరు పేదలు ఒకే సంక్రాంతికి కొన్నారనుకొనుడు. ఒకడు పండుగకు ముందు కాగితము వ్రాయించుకొన్నాడు, రెండవవాడు పండుగ దాటిన పది దినములకు. మొదటివానికి రక్షణ, రెండవవానికి నోటీసు. ఇద్దరికిని ఆ చట్టము వచ్చిన మాట తెలియదు. తెల్లకాగితముల మీద తేదీ వేయు అలవాటు మనవారిలో అంతంత మాత్రము గనుక ఆ రక్షణ గలవాడును దానిని రుజువు చేసికొనలేకపోవచ్చును.

1984 జనవరి 6 నాటి ఆర్డినెన్సుతో పటేలు, పట్వారీ ఉద్యోగములు పోయినవి. దస్తరము ఒక్క ఇంట, ఒక్క వంశమున ఉండు పద్ధతి పోవుట మేలే. దానికై విచారించువాడను కాను. అయితే పట్వారీతో పాటు ఇంకొక పని కూడ పోయినది. మంచివాడో చెడ్డవాడో, సర్కారు నుండి వచ్చిన కాగితము చదివి చెప్పు మనిషి ఊరిలో ఒకడు ఉండెడివాడు. ఆ తరువాత వచ్చిన ఏర్పాట్లలో కాగితము వ్రాయువారు ఉన్నారు, చదివి వినిపించుట ఎవరి విధి అన్నది మాత్రము తేలలేదు. 2020 సెప్టెంబరులో గ్రామ రెవెన్యూ అధికారుల ఉద్యోగములును రద్దయినవి. మరల 2025 సెప్టెంబరులో గ్రామ పాలనాధికారులు వచ్చువరకు, ఐదేండ్లు ఊరికి భూమి లెక్క అడుగదగిన మనిషియే లేడు. ఆ ఐదేండ్లలోనే భూమి హక్కుల చట్టము రెండు మారులు మారినది.

ఆ మార్పులలో సాదా బైనామాల సంగతి మన చెలక రైతులకు ముఖ్యము. రిజిస్ట్రేషను ఖర్చునకు వెరచి గాని, ఊరిలో నమ్మకము చొప్పున గాని తెల్లకాగితము మీద వ్రాయించుకొని భూమి కొనుట తెలంగాణములో తరతరముల వాడుక. అట్టివారు క్రమబద్ధము చేసికొనుటకు 2020లో ప్రభుత్వము దరఖాస్తులు పిలిచినది. గడువు అక్టోబరు 12 నుండి. మొదట నెలాఖరు వరకు, పిమ్మట నవంబరు 10 వరకు. అనగా సరిగ్గా వానకాలపు వరి కోత, ప్రత్తి తీత దినములు. ఆ అక్టోబరు 13, 14 తేదీలలో కురిసిన కుంభవృష్టి ఇంకను రైతులకు మరపు రాలేదు. పంటను కాపాడుకొనవలెనా, మీసేవ ముందర వరుసలో నిలువవలెనా?

అప్పుడు హైకోర్టు ముందు ఉంచబడిన లెక్క ఒక్కటి నా వాదమునకు చాలును. గడువు మొదటి పదునేడు దినములలో వచ్చిన దరఖాస్తులు రెండు లక్షల పైచిలుకు. చివరి పండ్రెండు దినములలో వచ్చినవి ఆరు లక్షల పైచిలుకు. వార్త పల్లెకు ఎంత ఆలస్యముగా చేరునో ఇంతకంటె చక్కగా చెప్పు అంకెలు వేరే ఉండవు. అంతటితో ఆగలేదు. క్రొత్త చట్టము, అనగా ధరణిని తెచ్చిన 2020 చట్టము, అక్టోబరు 29న అమలులోనికి వచ్చినది. దరఖాస్తు పెట్టుమని పిలిచిన 1971 నాటి పాసు పుస్తకముల చట్టము గడువు నడుమనే రద్దయిపోయినది! రద్దయిన చట్టము క్రింద దరఖాస్తులను ఎట్లు పరిష్కరింతురని నవంబరులో హైకోర్టు అడ్డుపడినది. ఆలస్యముగా విన్న ఆరు లక్షల మందియే మొదట చిక్కినారు. ఆ చిక్కు విడుటకు 2025 ఆగస్టు వరకు పట్టినది.

ఇక భూభారతి. 2025వ సంవత్సరపు 1వ చట్టము. ఏప్రిల్ 14న అమలులోనికి వచ్చినది. దానిని మెచ్చుకొనవలసిన చోట మెచ్చుకొనవలెను. ధరణిలో తప్పు పడినచో కోర్టుకు పొండని చెప్పెడివారు. ఇందులో తహసీలుదారు చర్య మీద 60 దినములలో ఆర్డీవోకు, దాని మీద 30 దినములలో కలెక్టరుకు అప్పీలు చేసికొనవచ్చును. పేదలకు ఉచిత న్యాయ సహాయము ఇయ్యవలెనన్న మాట చట్టములోనే ఉన్నది. వారసత్వపు మార్పిడికి తహసీలుదారు వారసులకు నోటీసు ఇచ్చి విచారించవలెను. ధరణి తీసివేసిన అనుభవదారు కాలము పహాణీలో మరల చోటు చేసికొన్నది. దున్నువాని పేరు కాగితములో లేక పదిమందిలో పలుచనైన రైతులకు దీని విలువ తెలియును. రికార్డులో తప్పులు దిద్దించుకొనుటకు చట్టము అమలైన నాటి నుండి ఒక సంవత్సరము గడువు పెట్టిరి. భూమి విలువనుబట్టి ఆర్డీవో గాని కలెక్టరు గాని విచారింతురు. ముప్పది దినముల గడువులు చూచిన మనకు ఏడాది గడువు పెద్ద ఊరటయే. వానకాలము, యాసంగి, ఎండకాలము అన్నియు అందులో ఇమిడినవి.

కాని సాదా బైనామాల విషయములో భూభారతియు పాత గీతనే గీచినది. 2014 జూన్ 2కు ముందు కొన్న కాగితమై, పండ్రెండేండ్లుగా అనుభవములో ఉన్న చిన్న, సన్నకారు రైతై, అన్నిటికిని మించి 2020 అక్టోబరు, నవంబరులలో దరఖాస్తు పెట్టియుండవలెను. ఆ నెల దినములలో వరి కోతలో ఉండి దరఖాస్తు పెట్టనివాడు, అదే గట్టునకు అటువైపు పొలము గలవాడు పెట్టినందున పొందిన హక్కును చూచుచు నిలువవలసినదే. ఇద్దరి కాగితములు ఒకే కరణము చేతివ్రాతలో ఉండవచ్చును. ఈ తేడాకు భూమిలో కారణము లేదు, సాగులో లేదు, కొన్న వెలలో లేదు. వార్త చేరిన తేదీలోనే ఉన్నది. ఈ గీతను మార్చవలెనన్నది నా గట్టి అభిప్రాయము. నిజముగ కొని, నిజముగ దున్నుచున్న రైతు ఒక నెల ఆలస్యము చేసినందుకు తరతరముల శిక్ష అనుభవింపరాదు.

చట్టము తెలియదనుట సాకు కాదని న్యాయశాస్త్రపు సూత్రమొకటి ఉన్నదని నాకు ఎదురు చెప్పువారు ఉందురు. తప్పు చేసి తప్పించుకొనజూచువానికి ఆ సూత్రము సరియే. తనకు రావలసినది అడుగనివానికి అదే సూత్రమును వర్తింపజేయుట న్యాయమా? తెలిసికొనుట రైతు ధర్మమైనచో, తెలుపుట సర్కారు ధర్మము. జీతము పుచ్చుకొనునది రెండవ పక్షము.

కావున నేను కోరునది పెద్ద కోరిక కాదు. భూమికి, నీటికి, కౌలుకు సంబంధించిన చట్టములలో రైతుకు గడువు పెట్టునప్పుడు, ఆ గడువు రాజపత్రపు తేదీ నుండి కాక, ఆ గ్రామములో ఆ చట్టము చదివి వినిపించిన తేదీ నుండి లెక్కింపవలెను. వినిపించిన దినము గ్రామ పంచాయతీ పుస్తకములో వ్రాసి, విన్నవారి సంతకములు, వ్రేలిముద్రలు తీసికొనవలెను. పుస్తకములో అట్టి పేజీ లేని గ్రామమున గడువు మొదలు కానట్లే. ఇట్లు చేసినచో చదివి వినిపించుటకు ఉద్యోగులే తొందరపడుదురు. ఇది అసాధ్యమందురేమో. 2025 జూన్ 3 నుండి 20 వరకు రాష్ట్రములో ఊరూర రెవెన్యూ సదస్సులు జరిపి ఎనిమిది లక్షలకు పైగా దరఖాస్తులు తీసికొన్న యంత్రాంగమునకు ఇది అసాధ్యము కాదు. ఆ సదస్సులు మృగశిర కార్తెలో పెట్టుట మాత్రము సరి కాదు. ఆ ఏడు ఋతుపవనములు మే నెలలోనే వచ్చినవి. రైతు విత్తనములు చేతబట్టుకొని సదస్సుకు రావలెనా, చెలకకు పోవలెనా? అదే సదస్సులు ఉగాది మొదలు రోహిణి లోపల, కల్లములు ఎత్తివేసి మనిషి చెట్టునీడన కూర్చుండు దినములలో పెట్టియున్నచో ఇంకను ఎందరో వచ్చెడివారు. వ్యవసాయ శాఖవారు ఏ పంట ఏ నెలలో కోతకు వచ్చునో పట్టికలు వేసియే ఉన్నారు. రెవెన్యూ వారు గడువు పెట్టుటకు ముందు ఆ పట్టిక ఒకమారు చూచిన చాలును.

గ్రామ పాలనాధికారులకు ఒక మనవి. మీరు క్రొత్తగా వచ్చినారు. మీలో పలువురు వెనుక గ్రామ రెవెన్యూ పనిలో ఉన్నవారే. నోటీసు బోర్డు మీద కాగితము అంటించి ఫోటో తీసి పైకి పంపుటతో చట్టము ఊరికి చేరదు. చదువురాని ముసలమ్మ ఇంటికి పోయి, నీ భర్త పేర ఉన్న భూమి నీ పేరికి మారవలెనమ్మా, ఫలాన తేదీ లోపల దరఖాస్తు పెట్టు అని చెప్పిననాడే చేరును. పహాణీలో అనుభవదారు పేరు వ్రాయునప్పుడు పట్టాదారు నోటిమాటతో సరిపెట్టక గట్టు మీదికి పోయి చూడుడు. అక్కడ దున్నుచున్నవాని పేరు అడుగుడు. కౌలుదారు అయినచో కౌలుదారనియే వ్రాయుడు. ఆ ఒక్క కాలము తప్పినందుననే 1973 నాటి హక్కుదారులు నేటికిని కోర్టు మెట్లు ఎక్కుచున్నారు.

రైతు సోదరులకు చెప్పవలసినది కొంత ఉన్నది. సంవత్సరమునకు ఒకమారు, ఉగాదికి పంచాంగము విన్నట్లే, మీ పహాణీ నకలు తీసి చదివించుకొనుడు. సర్వే నంబరు, విస్తీర్ణము ఎకరము గుంటలతో సహా, తండ్రి పేరు, అనుభవదారు పేరు సరిగా ఉన్నవా చూడుడు. హైదరాబాదు–విజయవాడ రహదారి నాలుగు వరుసలుగా వెడల్పు చేసిన కాలమున రోడ్డు ప్రక్క గ్రామముల వారందరికి తెలిసివచ్చిన సంగతి ఒకటి ఉన్నది: పరిహారపు నోటీసు కాగితములో పేరున్నవానిని వెదకికొని పోవును, పొలములో ఉన్నవానిని కాదు. తప్పు కనబడినచో నోటితో చెప్పి ఊరుకొనరాదు. దరఖాస్తు వ్రాసి ఇచ్చి, రసీదు తీసికొని, పాసు పుస్తకముతో కలిపి భద్రపరచుకొనుడు. ఆజ్ఞ ఏదైన వచ్చినచో అది మీ చేతికి అందిన తేదీ దాని వెనుకనే వ్రాసిపెట్టుడు. అప్పీలు దినములు లెక్కించుటకు పనికివచ్చును. తప్పుల దిద్దుబాటు గడువు విషయమై మరల ఏదైన ఉత్తర్వు వచ్చినదా అని మండల కచ్చేరీలో అడిగి తెలిసికొనుడు.

తాత, తండ్రి కౌలు చేసిన భూమి మీద రక్షిత కౌలుదారీ హక్కు ఉన్నదని తలచువారు ఒక్క పాసు పుస్తకము పట్టుకొని తిరిగిన లాభము లేదు. 1950 నాటి చట్టము క్రింద తయారైన రక్షిత కౌలుదారుల రిజిస్టరు నకలు, 1954–55 ఖాస్రా పహాణీ నకలు, 1973 జనవరి 1 ఏ సంవత్సరములో పడినదో ఆ ఫసలీ 1382 పహాణీ నకలు, ఈ మూడింటిని ముందుగా సంపాదింపవలెను. వదలుకొన్నట్లు ఎదుటివారు కాగితము చూపినచో, అది తహసీలుదారు ఎదుట జరిగినదా, ఆయన ఒప్పుకొన్నట్లు వ్రాత ఉన్నదా అని మొదట అడుగవలెను. నకలు దరఖాస్తులో సర్వే నంబరుతో పాటు గ్రామము పేరు, వెనుకటి తాలూకా పేరు కూడ వ్రాయుడు. మండలములు 1985లో ఏర్పడినవి. అంతకు ముందరి దస్తరము పాత తాలూకా పేరుననే కట్టలు కట్టియుండును.